వలస కూలీల కూలి సంగతి సంఘం మాట్లాడవచ్చునా?

భీమిలి సభ్యుడు: ఆనందపురం వైపు తోటల్లో పనిచేసే ఒడిశాలోని కొరాపుట్, రాయగడ కుటుంబాలు కొన్ని మా ఆరాధనకు వస్తున్నాయి. బియ్యం, దుప్పట్లు ఇస్తున్నాం. వారి కూలి బకాయిల గురించి కూడా సంఘం మాట్లాడాలని, అమెరికాలో చర్చిలు వలస కూలీలకు అండగా నిలిచాయని యువజనులు అంటున్నారు. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

సీతమ్మధార పెద్ద: కూలి లెక్కలు కార్మిక శాఖ చూసుకుంటుంది. తోటల యజమానుల్లో మన విశ్వాసులూ ఉన్నారు. ఒక పక్షం వహిస్తే సంఘం చీలిపోతుంది.

ఎం.వి.పి. కాలనీ సండే స్కూలు టీచరు: అయ్యా, చీలిక గురించి మీ భయం నిజమైనదే. కాలిఫోర్నియాలోని డెలానోలో 1965లో ఫిలిప్పీన్స్ కూలీలు, వారి వెంట మెక్సికన్ కూలీలు ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగినప్పుడు, యజమానులు కూడా చర్చి సభ్యులే కావడంతో, కూలీలకు తోడు వెళ్లిన మైగ్రెంట్ మినిస్ట్రీ అనే చర్చిల సేవా సంస్థ మీద స్థానిక సంఘాలే మండిపడ్డాయి. అంతకుముందు ఆ సంస్థా మనలాగే సహాయ కార్యక్రమాలు నడిపినదే. అయితే 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం వ్యవసాయ కూలీలను వదిలేయడంతో, వారు యూనియన్ పెట్టుకున్నా యజమాని చర్చలకు రావలసిన అవసరం లేకపోయింది. ఆ లోటు బట్టలు పంచితే తీరేది కాదు. 1970లో ఒప్పందాలు కుదిరేలా ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించిన వారిలో కేథలిక్ బిషప్పుల కమిటీ కూడా ఉంది.

ఫ్లోరిడాలోని ఇమ్మోకలీలో 32 పౌన్ల, అంటే 14 కిలోల పైచిలుకు టమాటా బకెట్ నింపి, భుజాన మోసి లారీకి అందిస్తే అర డాలరు లోపే దక్కేది. పౌనుకు మరో సెంటు ఇవ్వాలంటూ అక్కడి కూలీలు 2001లో ఆ టమాటాలు కొనే టాకో బెల్ అనే హోటళ్ల సంస్థ బహిష్కరణకు పిలుపునిస్తే, 2002లో ప్రెస్బిటేరియన్ చర్చి మద్దతు పలికింది. 2005లో టాకో బెల్ ఒప్పుకుంది. ఆ ఒక్క సెంటు బకెట్‌కు 32 సెంట్లవుతుంది.

మన దగ్గర బహిష్కరణలు కావాలని నేను అనడం లేదు. మేస్త్రీ తెలుగులో రాసుకున్న పుస్తకంలో అడ్వాన్సు ఎంత పడిందో, ఎన్ని రోజుల పని తగ్గించారో తెలియకుండానే ఒడియా మనిషి వేలిముద్ర వేస్తున్నాడు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి ఫొటోతో పాస్‌బుక్కు ఇచ్చి, కూలి రేటు, కోతలు, తిరుగు ప్రయాణపు ఛార్జీ అతని భాషలో కూడా రాయాలని 2025 వరకు అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. అది అడగడం రాజకీయం ఎలా అవుతుంది?

సీతమ్మధార పెద్ద: బకాయి పెట్టినవాడు మన సభ్యుడే అయితే?

ఎం.వి.పి. కాలనీ సండే స్కూలు టీచరు: అప్పుడు మన బాధ్యత ఇంకా పెరుగుతుంది. చేలు కోసినవారికి ఇవ్వక బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు రాసిన పత్రికను సంఘంలోనే కదా చదువుతున్నాం! ఆరాధన తర్వాత ఒడియా చదవగలిగినవారు కూర్చుని లెక్క చూడాలి. బకాయి తేలితే పాస్టరు గారు, మీరు కలిసి ముందు యజమాని ఇంటికి వెళ్లండి. ఆయన వినకపోతేనే కార్మిక శాఖకు అర్జీ పెడదాం. దాని మీద మొదటి సంతకం నేను చేస్తాను.