మెనెజెస్ సంస్కర్తా, పుస్తకాలు తగలబెట్టించినవాడా?

గోదారిగట్టు: కొచ్చి దగ్గర ఉదయంపేరూరు చర్చి చూసొచ్చాను. 1599 జూన్‌లో గోవా ఆర్చిబిషప్పు అలైషో డి మెనెజెస్ అక్కడే సినాడ్ (చర్చి పెద్దల సభ) పెట్టి, తోమా క్రైస్తవులను (ఏసు శిష్యుడు తోమా వల్ల క్రైస్తవులమయ్యామని చెప్పుకునే కేరళ వాళ్లను) రోము కిందికి తెచ్చాడట. సంస్కర్త అనాలా, ఇంకేమైనా అనాలా?

పాతకాగితం: "రోము కిందికి తెచ్చాడు" అన్నదే తప్పండీ. 1597లో చనిపోయిన వాళ్ల బిషప్పు మార్ అబ్రహాంను పోపు గుర్తించాడు కదా. మెనెజెస్‌కు గిట్టనిది వాళ్ల సిరియాక్ (పశ్చిమాసియా క్రైస్తవుల ప్రార్థన భాష) సంప్రదాయం, అక్కడి మతపెద్ద బాబిలోన్ పాత్రియార్కుతో బంధం. అందుకే సినాడ్‌కు ముందే ఊళ్లు తిరుగుతూ పదుల సంఖ్యలో కొత్త ఫాదర్లను అభిషేకించి తనవైపు బలగం కూడగట్టుకున్నాడు, వాళ్ల స్థానిక నాయకుడు ఆర్చిడీకన్ గీవర్గీస్‌ను బెదిరించి లొంగదీసుకున్నాడు, కొచ్చి రాజు అండ కూడా చూసుకున్నాడు. తీర్మానాలు ముందే రాసి తెచ్చుకున్నవి. సభలో జరిగింది చర్చ కాదు, సంతకాలు!

నిదానం: ఒక్క వైపే చూస్తున్నారు. తక్కువ కులం వాళ్లు తాకితే మైల అనుకోవద్దన్నదీ ఆ తీర్మానాలే. గోవాలో 1606లో శాంతా మోనికా కన్యల మఠం పెట్టించిందీ ఆయనే. ఆ కాలపు మనిషిని ఈ కాలపు తూకంతో తూస్తే ఎలా?

పాతకాగితం: మైల మాట ఒప్పుకుంటాను, అయితే చుట్టూ ఉన్న పై కులం నాయర్లతో చిక్కు వస్తుందని దాంట్లోనూ సడలింపు ఇచ్చారు. పెళ్లయిన ఫాదర్లను భార్యల్ని వదలమన్నారు, ఆ ఆడవాళ్ల గతేమిటో ఒక్కసారి ఆలోచించండి. తప్పుడు బోధ ఉందని సిరియాక్ పుస్తకాలు కాల్పించడం మాత్రం ఏ తూకానికీ అందదు. చదివి, తప్పు దిద్ది, తిరిగివ్వొచ్చుగా? కొన్నింటిని అలాగే చేశారు కూడా, అంటే దారి ఉందన్నమాటేగా.

నిదానం: కాల్చడం తప్పే. కానీ దాంతోనే మనిషి మొత్తాన్ని కొట్టేస్తారా?

గోదారిగట్టు: మనిషి సంగతి అంటారా, 1607 నుంచి 1609 దాకా గోవా గవర్నరు కూడా ఆయనే, తర్వాత పోర్చుగల్ వెళ్లి బ్రాగా ఆర్చిబిషప్పు, ఆపైన ఆ దేశానికే వైస్రాయి, 1617లో మాద్రిద్‌లో పోయాడు. ఒక చేత జపమాల, ఇంకో చేత రాజముద్ర! ఇప్పుడు నాకు పాతకాగితం గారి మాటే నచ్చుతోంది. 1653 జనవరి 3న మట్టంచేరిలో ఆ తోమా క్రైస్తవులే, సినాడ్ తర్వాత తమ మీద బిషప్పులుగా వచ్చిన జెసూట్లకు (ఒక క్యాథలిక్ సన్యాసి సంఘం వాళ్లకు) ఇక లోబడేది లేదని ఒట్టేసుకున్నారు. అంతా సంతకాలు పెట్టిన ఆ సభకు, ఈ ఒట్టుకు మధ్య 54 ఏళ్లు కూడా లేవు.