పేరు తెలియని సైనికుడికి పార్సిల్ పంపడం సాయమా, భారమా?

నీలిసిరా (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంటికి దూరంగా నెలల తరబడి మోహరింపులో ఉండే సైనికులకు పెట్టెలు పంపాలని మేము కొందరం అనుకున్నాం. సబ్బులు, మేజోళ్లు, బిస్కెట్లు, చదివేసిన పుస్తకాలు, ప్రతి పెట్టెలో పిల్లల చేతిరాతతో ఒక ఉత్తరం. మాకు తెలిసిన సైనికులు ఎవరూ లేరు కాబట్టి పైన "ఎవరైనా ఒక సైనికుడికి" అని రాద్దామనుకున్నాం. మాలోనే ఒకావిడ అడ్డు చెప్పారు. "మన తృప్తి కోసం వాళ్ల నెత్తిన బరువు పెడుతున్నాం" అన్నారు. రెండు రోజులుగా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది. పెట్టెలు సగం సర్దేశాం కూడా. మీరేమంటారు?

చెట్టునీడ

ఇందులో చర్చించడానికి ఏముందండీ? పంపండి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది, 1914 క్రిస్మస్‌కు బ్రిటన్‌లో రాకుమారి మేరీ పేరిట విరాళాలు పోగుచేసి సైనికులకూ నావికులకూ చిన్న ఇత్తడి డబ్బాలు పంపారు. పొగ తాగేవారికి పైపు, పొగాకు. తాగనివారికి పెన్సిలు, పుల్లటి బిళ్లలు. ఆ యుద్ధంలో పోరాడుతున్న భారతీయ సైనికుల కోసం మిఠాయిలు, మసాలా దినుసులు విడిగా సర్దారు. పొగాకు ఏనాడో బూడిదైపోయింది. డబ్బాలు మాత్రం ఇప్పటికీ ఆ కుటుంబాల బీరువాల్లో ఉన్నాయి. ఊరూపేరూ తెలియనివారి డబ్బుతో వచ్చిన కానుకే కదా అది?

లెక్కల మాస్టారు

చెట్టునీడ గారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. ఆ డబ్బాలను ఎవరికి తోచినట్టు వారు సర్దలేదు. ఒకే నిధి, ఒకే కొలత, సైన్యం ద్వారానే పంపిణీ. అంత పద్ధతిగా చేసినా ఆ పండుగకు అందరికీ అందలేదు. మిగిలినవారికి పంచేసరికి 1920 వచ్చింది. ఇక వేలమంది ఎవరి పెట్టె వారు కట్టి పంపితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఊహ కూడా అక్కర్లేదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో బ్రిటన్ రక్షణ శాఖే "పేరు లేని పార్సిళ్లు దయచేసి పంపకండి" అని ప్రజలను కోరింది. చివరి మజిలీలో టపా వెళ్లేది మందుగుండు, నీళ్లు, మందులు వెళ్లే వాహనాల్లోనే, ఆ హెలికాప్టర్లలోనే. దారిలో మందుపాతరలు ఉంటాయి. మీరు పంపిన నాలుగో టూత్‌పేస్టు కోసం ఒక డ్రైవరు ఆ దారిన వెళ్లాలి. అపరిచితుల పెట్టెలు కుప్పపడితే తల్లి పంపిన పెట్టె వాటి వెనక ఆగిపోతుంది. విధుల్లో ఉన్న తమవారికి 2 కిలోల వరకు ఉచితంగా పంపుకొనే వీలును ఆ దేశం కుటుంబాలకు కల్పించింది. పెట్టె మీద సైనికుడి పేరు ఉండాలి.

అమెరికాలో అయితే "ఏ సైనికుడికైనా" పేరిట టపా పంపే ఏర్పాటు ఏళ్ల తరబడి నడిచింది. 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి క్రిముల పొడి నింపిన కవర్లు టపాలో వచ్చాక దాన్ని ఆపేశారు. ఆ కవర్ల వల్ల మొత్తం అయిదుగురు చనిపోయారు. ఎవరు పంపారో తెలియని కవరును భయం లేకుండా ఎవరు విప్పుతారు?

తూనీగ

మా తమ్ముడు ఏడాదిపాటు ఎత్తైన మంచు ప్రాంతంలో విధుల్లో ఉన్నాడు. వాడికి మేము పంపిన మొదటి పెట్టె సంగతి చెబుతాను, మిగతావారికైనా పనికొస్తుంది. అమ్మ బిస్కెట్లు, సువాసన సబ్బులు ఒకే పెట్టెలో పెట్టింది. మూడు వారాల ప్రయాణం. చేరేసరికి బిస్కెట్లన్నీ సబ్బు వాసన. "నురగ ఒక్కటే తక్కువ" అని రాశాడు. అయినా వదల్లేదట, టీలో ముంచుకొని అందరూ తిన్నారట. ఆ ఉత్తరం పెన్సిలుతో ఉంది. చలికి పెన్నులో సిరా గడ్డకడుతుందని అప్పుడే మాకు తెలిసింది. తరవాతి పెట్టెలో అర డజను పెన్సిళ్లు పెట్టాం, చెక్కుకోవడానికి బ్లేడుతో సహా.

అపరిచితుల పెట్టెలు వాళ్లకూ వచ్చాయి. వాటిలో వస్తువుల గురించి వాడు చెప్పింది ఒక్క వాక్యమే: "మేమున్న పదకొండు మందికి ముప్పై షేవింగ్ క్రీములు." ఒక పిల్లవాడి ఉత్తరం మాత్రం సెలవుకు వచ్చినప్పుడు జేబులో తెచ్చుకున్నాడు. నాలుగు మడతల కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. అందులో దేశభక్తి గురించి ఏమీ లేదు. వాడి పళ్లు రెండు ఊడాయని, ఒకటి అన్నం ముద్దతో మింగేశానని, అది కడుపులో మొలుస్తుందేమోనని భయంగా ఉందని రాశాడు.

మరో ఉత్తరంలో "మీరు ఎంతమందిని చంపారు?" అని ఉందట. తమ్ముడు దాన్ని ఎవరికీ చూపించకుండా పొయ్యిలో వేశాడు. దాన్ని పంపేముందు పెద్దలు ఎవరూ ఒకసారి చదవలేదా అని నాకు ఇప్పటికీ కోపం.

లెక్కల మాస్టారు

తూనీగ గారు చెప్పినదానితో సగం ఒప్పుకుంటాను. కాగితానికీ బరువు ఉంటుంది, కానీ దాన్ని తగ్గించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా "వి-మెయిల్" అనే పద్ధతి పెట్టింది. ఉత్తరాన్ని చిన్న ఫిల్ము మీద ఫొటో తీసి, ఫిల్మును విమానంలో పంపి, అక్కడ మళ్లీ కాగితం మీద ముద్రించి ఇచ్చేవారు. లక్షన్నర ఉత్తరాలు మామూలుగా 37 సంచులు, 1,150 కిలోలకు పైగా తూగుతాయి. ఫిల్ముగా మారిస్తే ఒకే సంచి, దాదాపు 20 కిలోలు. బిస్కెట్ పొట్లాన్ని అలా కుదించలేం.

పాత సంచి

సైనిక తపాలాలో చాలా ఏళ్లు పనిచేసి దిగినవాణ్ణి. ఇద్దరూ వస్తువుల లెక్కే చూస్తున్నారు.

ముందు మాస్టారికి బలం చేకూర్చే మాట. 1945 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో గోదాముల నిండా అమెరికన్ సైనికుల టపా పేరుకుపోయింది. దాన్ని సర్దడానికి 855 మంది నల్లజాతి మహిళల దళం వచ్చింది, 6888వ బెటాలియన్. పాడైన కేకుల కోసం ఎలుకలు పార్సిళ్లను కొరికేశాయి. రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే 7,500 మంది సైనికులు! దాదాపు 70 లక్షల చీటీలు రాసుకొని ఎవరి టపా వారికి చేర్చారు. ఆరు నెలలు పడుతుందనుకున్న పనిని మూడు నెలల్లో ముగించారు. పేరున్న టపాకే ఇంత పాట్లు. పేరే లేకపోతే?

ఇక రెండో వైపు. టపా పంచే వేళ ఎలా ఉంటుందో మీలో ఎవరూ చూసి ఉండరు. పేర్లు పిలుస్తుంటే అందరూ చుట్టూ మూగుతారు. ప్రతి యూనిట్‌లో ఒకరో ఇద్దరో మాత్రం సరిగ్గా అప్పుడే బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చుంటారు. ఇంటి నుంచి ఏమీ రాదని వాళ్లకు తెలుసు. రాసేవాళ్లు లేరో, రాయడం మానేశారో మనం అడగలేం. పేరు లేని ఉత్తరాలు మంచివి చూసి మూడు నాలుగు నా చొక్కా జేబులో ఉంచుకొనేవాణ్ణి. పంపకం అయ్యాక, "ఇది ఎవరిదో తెలియడం లేదు, కాస్త చదివి చూడు" అని అతని చేతిలో పెట్టేవాణ్ణి. వెనక్కి తిరిగి ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

కాబట్టి నా మాట ఇది. ముందు ఒక యూనిట్ అధికారితో గాని, సైన్యం గుర్తించిన సంస్థతో గాని మాట్లాడండి. ఏమి కావాలో వాళ్లే చెబుతారు, చాలాసార్లు ఏమీ వద్దనే చెబుతారు. బ్యాటరీలు, స్ప్రే డబ్బాల జోలికి వెళ్లకండి. ఉత్తరాలు తక్కువగా, విడివిడిగా, తెరిచిన కవర్లలో పంపండి. జవాబు రాయమని అడగకండి. అలసిపోయినవాడికి అదొక బాకీలా మిగులుతుంది.

చెట్టునీడ

అయితే నేను మొదట అన్నదే కదా, పంపమని!

లెక్కల మాస్టారు

మీరు పెట్టె పంపమన్నారు, ఆయన కాగితం పంపమంటున్నారు. తక్కెడలో పెట్టి చూడండి తేడా తెలుస్తుంది. నా అభ్యంతరం పెట్టెల మీదే, అది అలాగే ఉంది. ఉత్తరాల మాట వెనక్కి తీసుకుంటున్నాను, ముఖ్యంగా ఆ బూటు లేసు మాట విన్నాక.

నీలిసిరా

అందరికీ ధన్యవాదాలు. సబ్బులు, మేజోళ్లు దగ్గర్లోని వృద్ధాశ్రమానికి ఇచ్చేశాం. అభ్యంతరం చెప్పిన ఆవిడే ఒక యూనిట్‌తో మాట్లాడారు. ఇరవై ఉత్తరాలు చాలన్నారట. నిన్న సాయంత్రం కూర్చొని పిల్లలు రాసినవన్నీ చదివాం. నాలుగు పక్కన పెట్టాం. "త్వరగా ఇంటికి వెళ్లండి" అని ఒకమ్మాయి రాసింది. ఉంచాలా తీసేయాలా అని అరగంట వాదించుకున్నాం. చివరికి ఆ పిల్లనే పిలిచి అడిగాం. రబ్బరుతో తుడిచేసి, వాళ్ల కుక్కపిల్ల నాన్న చెప్పు ఎత్తుకెళ్లి ఎక్కడ దాచిందో ఆ చోట పటం గీసి ఇచ్చింది. చెప్పు ఇంకా దొరకలేదట.