రింగుల జుట్టు పిల్లకి పూలజడ వేయొచ్చా?

మణికొండ అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి. మా అత్తగారి పోలిక, గుబురుగా రింగుల జుట్టు. క్లాసులో ‘నూడుల్స్’ అని పేరు పెట్టారట. అప్పట్నుంచి స్ట్రెయిటెనర్ పెట్టందే గడప దాటదు, ఫోటో అంటే మొహం చాటేస్తుంది. సెలవులకి రాజమండ్రి వెళ్తున్నాం. మా అమ్మేమో మల్లెమొగ్గలతో పూలజడ వేసి స్టూడియోకి తీసుకెళ్దామంటోంది. అసలే జుట్టంటే చిరాకు పడే పిల్ల, ఇంకా బెదిరిపోతుందేమోనని నా టెన్షన్. ఏమంటారు?

కడియం కోడలు:
నిక్షేపంగా వేయొచ్చండీ. పెళ్ళిళ్లకీ, ఓణీల ఫంక్షన్లకీ పూలజడలు కుట్టేదాన్ని, మీ పాప జుట్టు గురించి చదవగానే నా చేతులు ఊరుకోవట్లేదు! జారిపోయే జుట్టుతోనే మాకు తంటా. సవరం నిలవదు, పిన్ను నిలవదు. రింగుల జుట్టు పట్టిన పిన్నుని వదలదు.

మొగ్గలు పొద్దున్నే కడియపులంక పూల మార్కెట్లో తెచ్చుకోండి, గట్టిగా, విచ్చనివి. జడ పొడవుకి అరటి పట్ట కోసి, దాని మీద సూదీదారంతో వరసలుగా కుట్టాలి. మధ్యలో కనకాంబరాలు, అంచుకి మరువం. మధ్యాహ్నం కుడితే దీపాలు పెట్టే వేళకి జడలోనే విచ్చుకుంటాయి.

రెడీమేడ్ జడ మాత్రం కొనకండి. నేనైతే సూది ముందు అమ్మాయి చేతికే ఇస్తాను. రెండు వరసలు కుట్టాక “ఇక్కడ ఎరుపు వద్దు, అక్కడ పెట్టండి” అని నా మీదే పెత్తనం మొదలెడతారు. అంతవరకూ వస్తే సగం పని అయినట్టే. స్టూడియోలో వెనక అద్దం పెట్టి తీస్తారు కదా, మొహమూ జడా రెండూ పడేలా. మొహం వద్దంటే జడ ఒక్కటే తీయించండి, బతిమాలొద్దు.

కూచిపూడి అమ్మాయి:
నాదీ రింగుల జుట్టే అక్కా. భామాకలాపంలో సత్యభామ ముందుగా మొహం చూపించదు, తెర మీదుగా జడని ఇవతలికి వేసి చూపిస్తుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి లాంటి మగవాళ్లు ఆ వేషం కట్టి జనాన్ని మెప్పించారు, అది వాళ్ల సొంత జుట్టా ఏమన్నానా! మొదటిసారి నాకు జడకుచ్చులు కట్టినప్పుడు తల వంచితే బరువుకి లాగేసేది. గంటసేపు నిటారుగా నడవాల్సొచ్చింది. అద్దంలో చూసుకుంటే నేనేనా అనిపించింది.

స్కిన్ డాక్టర్:
కణతల దగ్గర, నుదుటి అంచున లాగుతోందంటే వెంటనే వదులు చేయండి. రోజూ బిగించి లాగితే అక్కడే జుట్టు ఊడుతుంది. ఒక్క పూటకి భయం లేదు, పడుకునే ముందు తీసేస్తే చాలు. రోజూ స్ట్రెయిటెనర్ వేడే ఎక్కువ చెరుపు. అన్నట్టు, పేర్లు పెట్టి ఏడిపించడం పూలజడతో ఆగదు. బడి తెరిచాక క్లాస్ టీచర్‌తో మీరే మాట్లాడండి.

మణికొండ అమ్మ:
టీచర్ సంగతి నేను చూసుకుంటాను. పాపకి ఇవన్నీ చూపించాను. ఏమీ ఒప్పుకోలేదు గానీ, “మొగలిరేకులతో కూడా వేస్తారటగా?” అంది. ఇప్పుడు దొరుకుతాయా అండీ?

కడియం కోడలు:
మొగలి వానాకాలం సరుకండీ. ఇప్పటికి మల్లెలతో కానివ్వండి, దసరాకి వస్తే చూద్దాం.