మల్టీపాత్ ప్యాకేజీని నెలవారీ ప్యాచ్‌లతోపాటే అప్‌డేట్ చేయాలా, వెర్షన్ లాక్ చేసి ఉంచాలా?

రాత్రిపాళి:
మా దగ్గర ఒరాకిల్ డేటాబేస్‌లు నడిచే రెడ్ హ్యాట్ లైనక్స్ 8 సర్వర్లు ఉన్నాయి. ప్రతి సర్వర్‌కు స్టోరేజ్ నెట్‌వర్క్‌తో కలిపే రెండు హెచ్‌బీఏ కార్డులు, రెండు ఫైబర్ ఛానల్ ఫ్యాబ్రిక్‌లు (స్విచ్‌ల నెట్‌వర్క్‌లు), అవతల అరేలో (డిస్కులు ఉండే స్టోరేజ్ పెట్టెలో) రెండు కంట్రోలర్లు. అంటే అరే ఇచ్చే ఒక్కొక్క డిస్కుకు (లన్‌కు) నాలుగు దారులు. వాటిని ఒకే డిస్కుగా చూపి, ఒక దారి పోతే మరోదానికి మళ్లించేది మల్టీపాత్. నెలవారీ ప్యాచింగ్‌లో ఏ ప్యాకేజీనీ మినహాయించవద్దని భద్రతా విభాగం అంటోంది. డివైస్ మ్యాపర్ మల్టీపాత్‌ను మాత్రం, ప్యాకేజీలను అప్‌డేట్ చేసే డీఎన్‌ఎఫ్ మినహాయింపుల్లో పెట్టి, తాము చెప్పినప్పుడే మార్చాలని స్టోరేజ్ విభాగం పట్టుబడుతోంది. మార్పు పత్రం నింపాల్సిన వాడిని నేను. మీ మీ సంస్థల్లో ఏ పద్ధతి పాటిస్తున్నారో, ఎందుకు పాటిస్తున్నారో చెప్పగలరు.

ఫ్యాబ్రిక్‌బి:
నిస్సందేహంగా లాక్ చేయాలి. ఏ అరేకు ఏ సెట్టింగులు వాడాలో చెప్పే పట్టిక ఒకటి ఆ ప్యాకేజీ లోపలే ఉంటుంది. మల్టీపాత్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్‌లో మనం రాయని ప్రతి విలువా ఆ పట్టిక నుంచో, సాధారణ డిఫాల్టుల నుంచో వస్తుంది కనుక, వెర్షన్ మారితే మన ఫైల్‌లో ఒక్క అక్షరం మారకపోయినా సర్వర్ ప్రవర్తన మారే అవకాశం ఉంది. రెడ్ హ్యాట్ 6 నుంచి 7కు వెళ్లినప్పుడు దారిని ఎంచుకునే డిఫాల్టు పద్ధతి రౌండ్ రాబిన్ (వంతులవారీ) నుంచి సర్వీస్ టైమ్‌కు (త్వరగా పని ముగించగల దారికి ప్రాధాన్యం) మారింది, డిస్కును గుర్తించే గెట్‌యూఐడీ_కాల్‌అవుట్ అనే పాత ఐచ్ఛికం స్థానంలో యూఐడీ_అట్రిబ్యూట్ వచ్చింది. అరే తయారీదారు ధ్రువీకరించిన వెర్షన్ల మ్యాట్రిక్స్‌లో మన కలయిక లేకపోతే, సమస్య వచ్చిన రాత్రి వారు ఫోన్‌లో చెప్పే మొదటి మాట పాత వెర్షన్‌కు వెళ్లమనే.

పాతసర్వర్:
మా మేనేజరు గారి దృష్టిలో నడుస్తున్న సర్వర్‌ను ముట్టుకోవడమే నేరం కాబట్టి, మాకు ఈ ప్రశ్నే ఎప్పుడూ ఎదురుకాలేదు.

కెర్నెల్‌వాసి:
ఫ్యాబ్రిక్‌బి గారు 6 నుంచి 7కు జరిగిన మార్పును ఉదాహరణగా చూపిస్తున్నారు. రాత్రిపాళి గారు అడిగింది 8 లోపల వచ్చే నెలవారీ సవరణల గురించి. ఆ రెండూ ఒకటి కావు.

అసలు విషయానికి వస్తే, మల్టీపాత్‌లో రెండు భాగాలు ఉన్నాయి. ఐ/ఓను (డిస్కు నుంచి చదవడం, రాయడం) నిజంగా ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే డీఎం మల్టీపాత్, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంటుంది. మల్టీపాత్‌డి అనే డెమన్ (వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామ్) కెర్నెల్ బయట ఉండి దారులను పరీక్షిస్తుంది. మీరు లాక్ చేసేది ఈ రెండో భాగాన్ని మాత్రమే. ప్రతి నెలా కెర్నెల్ ముందుకు పోతూ, పరికరాల ప్యాకేజీ మాత్రం రెండేళ్ల కిందటి స్థితిలో ఉండిపోతే, ఆ కలయికను రెడ్ హ్యాట్ పరీక్షించదు, మీ అరే తయారీదారూ పరీక్షించడు. అది రెంటికీ చెడ్డ రేవడి వ్యవహారం. పైగా దానితోపాటు దాని లైబ్రరీల ప్యాకేజీనీ, కేపార్టెక్స్ అనే తోటి ప్యాకేజీనీ కూడా అదే వెర్షన్‌లో కట్టేయాలి. ఒకదాన్ని మరిచిపోతే ఆ నెల ప్యాచింగ్ డిపెండెన్సీ లోపంతో ఆగిపోతుంది.

అప్‌డేట్ సమయంలో డెమన్ పునఃప్రారంభం అవుతుందన్నదే మీ భయమైతే, దానివల్ల ఐ/ఓ ఆగదు.

ఫ్యాబ్రిక్‌బి:
"ఐ/ఓ ఆగదు" అన్న వాక్యం సగం నిజం. డెమన్ లేనప్పుడు ఒక దారి విఫలమైతే కెర్నెల్ దాన్ని పక్కన పెట్టి మరో దారిని వాడుకుంటుందన్నది నిజమే. కానీ ఆ దారి బాగుపడిన తర్వాత దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చే పని డెమన్‌ది. డిఫాల్టుగా 5 సెకన్లతో మొదలుపెట్టి, దారి స్థిరంగా ఉన్నకొద్దీ ఆ విరామాన్ని పెంచుకుంటూ దారులను పరీక్షించేది అదే. అన్ని దారులూ పోయినప్పుడు నో_పాత్_రీట్రైలో రాసిన సంఖ్య ప్రకారం లెక్కపెట్టి క్యూ పెట్టడం ఆపేదీ అదే. డెమన్ లేకపోతే ఆ లెక్క సాగదు. డెమన్ ఆగేటప్పుడు క్యూను కూడా ఆపే డిఫాల్టును ఎవరైనా మార్చి ఉంటే, ఐ/ఓ అలాగే క్యూలో నిలిచిపోతుంది.

కెర్నెల్‌వాసి:
పునఃప్రారంభానికి పట్టేది కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లలోనే ఒక దారి పోయి, బాగుపడి, మరో దారి కూడా పోవాలని మీరు ఊహిస్తున్నారు.

ఫ్యాబ్రిక్‌బి:
ఊహించడం లేదు, నేను చూసింది చెబుతాను. ఒక ఆర్థిక సంస్థలో ఒకే రాత్రి లైనక్స్ ప్యాచింగ్‌కూ, మా అరే కంట్రోలర్ల ఫర్మ్‌వేర్‌కూ సమయం ఇచ్చారు. లైనక్స్ బృందం వారి రన్‌బుక్ (పని క్రమం రాసిన పత్రం) ప్రకారం మల్టీపాత్‌డిని ఆపి, ప్యాకేజీలు అప్‌డేట్ చేశారు. రీబూట్‌తో డెమన్ ఎలాగూ లేస్తుంది కదా అని దాన్ని మళ్లీ మొదలుపెట్టలేదు. వ్యాపార విభాగం అడిగిందని రీబూట్ తెల్లవారుజాముకు వాయిదా పడింది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మేము మొదటి కంట్రోలర్‌ను అప్‌గ్రేడ్ చేశాము. అది తిరిగి వచ్చింది, స్విచ్‌లో పోర్టులన్నీ లాగిన్ అయి కనిపించాయి, అరే తెరపై అంతా పచ్చగానే ఉంది. రెండో కంట్రోలర్‌ను రీబూట్ చేసిన క్షణంలోనే డేటాబేస్ బిగుసుకుపోయింది. అప్పుడు వాళ్లు దారుల స్థితి చూపే మల్టీపాత్ -ఎల్‌ఎల్ కొట్టి చూస్తే, ఎప్పుడో బాగుపడిన మొదటి కంట్రోలర్ దారులు రెండూ ఇంకా ఫెయిల్డ్ అనే చూపిస్తున్నాయి, ప్రాసెస్‌లన్నీ డి స్థితిలో (ఐ/ఓ కోసం ఎదురుచూస్తూ) ఉన్నాయి. మూల కారణ నివేదికలో మాత్రం "స్టోరేజ్ కంట్రోలర్ అప్‌గ్రేడ్ కారణంగా అంతరాయం" అని రాశారు.

కెర్నెల్‌వాసి:
మీరు చెప్పినదాన్నే మరోసారి చదవండి. అందులో అప్‌డేట్ చేసిన తప్పు ఏదీ లేదు. డెమన్‌ను చేత్తో ఆపమని రాసిన రన్‌బుక్ తప్పు, రెండు మార్పులను ఒకే రాత్రి పెట్టడం తప్పు, సర్వర్ వైపు దారులు తిరిగి వచ్చాయో లేదో చూడకుండా రెండో కంట్రోలర్ మీద చెయ్యి వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ చివరిది మీ బృందానిదే. ప్యాకేజీని లాక్ చేసి ఉన్నా, ఎవరైనా డెమన్‌ను ఆపి మరిచిపోతే సరిగ్గా ఇదే జరిగేది.

బూట్‌గమనిక:
ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటి ఉంది. రూట్ ఫైల్ సిస్టమ్ కూడా శాన్ (స్టోరేజ్ నెట్‌వర్క్) మీదే ఉన్న సర్వర్లలో మల్టీపాత్.కాన్ఫ్‌కు మరో ప్రతి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లోపల ఉంటుంది. ఎవరో ఆరు నెలల కిందట ఫైల్ మార్చి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేసే డ్రాకట్ నడపకుండా రీలోడ్ చేసి వదిలేస్తే, ఇన్నాళ్లూ సర్వర్ కొత్త ఫైల్‌తో నడుస్తుంది, బూట్ మాత్రం పాత ప్రతితో అవుతుంది. ప్యాచింగ్ తర్వాతి రీబూట్‌లో బయటపడే లోపాల్లో చాలావాటికి నిందపడేది అప్‌డేట్‌పైనే, నిజానికి అవి అంతకుముందే అక్కడ ఉన్నవి. ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీతో లోపలి ప్రతిని తీసి బయటి ఫైల్‌తో పోల్చి చూడటం ప్యాచింగ్‌కు ముందురోజే చేయవలసిన పని. అలాగే అమల్లో ఉన్న సెట్టింగులన్నీ చూపే మల్టీపాత్ -టి ఇచ్చే ఫలితాన్ని అప్‌డేట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దాచుకుని తేడా చూస్తే, ఫ్యాబ్రిక్‌బి గారు భయపడే అంతర్గత పట్టిక మార్పులు కంటికి కనిపిస్తాయి. దానికి లాక్ అవసరం లేదు.

ఫ్యాబ్రిక్‌బి:
ఆ తేడాను రాత్రి రెండు గంటలకు చదివి, ఫలానా విలువ మా అరేకు సరిపడుతుందో లేదో చెప్పగలిగిన వారు లైనక్స్ బృందంలో ఎందరున్నారో కెర్నెల్‌వాసి గారే చెప్పాలి.

కెర్నెల్‌వాసి:
అనుమానించడం తేలిక. నేను తేదీలతో మాట్లాడతాను. 2022 అక్టోబరులో మల్టీపాత్‌డిలో రెండు లోపాలను క్వాలిస్ సంస్థ బయటపెట్టింది. భద్రతా లోపాల జాబితాలో వాటి సంఖ్యలు సీవీఈ-2022-41973, 41974. రెండోదాని తీరు చూడండి: డెమన్‌కు ఆదేశాలు పంపే సాకెట్‌లో ఒకే కీలకపదాన్ని పదే పదే రాసి పంపితే, బిట్‌వైజ్ ఆర్ వాడవలసిన చోట మామూలు కూడిక వాడినందువల్ల అనుమతి పరీక్ష తప్పిపోతుంది, సాధారణ యూజర్ రూట్ మాత్రమే ఇవ్వగల ఆదేశాలు ఇవ్వగలుగుతాడు. దీనికి సవరణ వచ్చింది సరిగ్గా మీరు లాక్ చేయమంటున్న ప్యాకేజీలోనే. అరే మ్యాట్రిక్స్ మారేదాకా ఆగుదామన్న సర్వర్లు ఎన్ని నెలలు తెరుచుకుని ఉన్నాయో మీకు తెలియదు, మాకు తెలుసు, ఎందుకంటే స్కానర్ నివేదికలో ఎర్ర గీతలు పడేది మా పేరు ఎదురుగానే.

ఫ్యాబ్రిక్‌బి:
అది సర్వర్‌లోకి అప్పటికే లాగిన్ అయిన యూజర్‌కు మాత్రమే పనికొచ్చే లోపం. మా డేటాబేస్ సర్వర్లలోకి డీబీఏలు (డేటాబేస్ నిర్వాహకులు) తప్ప మరెవరూ రారు.

కెర్నెల్‌వాసి:
ఒరాకిల్ యూజర్ పాస్‌వర్డ్ మీ డీబీఏల ఎక్సెల్ ఫైల్‌లో లేదని మీరు హామీ ఇస్తే, నేను ఇక్కడితో ఆపేస్తాను. వైరు ఎక్కడ గుచ్చాలో తప్ప సర్వర్ లోపల ఏం నడుస్తుందో తెలియని వారు భద్రత గురించి హామీలు ఇవ్వడం వింతగా ఉంది.

ఫ్యాబ్రిక్‌బి:
వైరు గుచ్చేవాళ్లం అనే చిన్నచూపు ఉంది కనుకే ఆ రాత్రి రీబూట్ వాయిదా పడిందని మాకు ఒక్క మాట చెప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరికీ భాగం ఉన్న తప్పును నివేదికలో మా ఒక్కరి నెత్తిన పెట్టారు. ఆ నివేదిక తర్వాత నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు. నేను కాంట్రాక్టు మనిషిని, ఎదురు చెప్పడానికి నాకు ఆ సమావేశంలో కుర్చీ కూడా లేదు. మీ ఎర్ర గీత మరుసటి నెలకు చెరిగిపోతుంది.

నిర్వాహకుడు:
సభ్యులు ఒకరి వృత్తిని మరొకరు తక్కువ చేసి మాట్లాడవద్దు. తర్వాతి హెచ్చరికకు చర్చను మూసివేయవలసి వస్తుంది.

రాత్రిపాళి:
ఇప్పుడు నాకు కొంత అర్థమవుతోంది. మా స్టోరేజ్ విభాగం కూడా ఈమెయిల్‌లో మ్యాట్రిక్స్ అనే రాసింది. నేరుగా అడిగితే, మల్టీపాత్ ఎప్పుడు మారుతుందో తమకు తెలియడానికి ఆ లాక్ తప్ప మరో మార్గం లేదని ఒప్పుకున్నారు. అంటే తగాదా వెర్షన్ గురించి కాదు. ఈ పొర సర్వర్ మీద ఉంటుంది, కానీ పని చేసేది అరే కోసం. దాని మీద మాట చెల్లేది ఎవరిదన్నది మా సంస్థలో ఏ కాగితం మీదా లేదు.

కెర్నెల్‌వాసి:
అలాంటప్పుడు లాక్ తాత్కాలిక ఉపాయమే అవుతుంది. ఇప్పటి లన్‌లు వాడే స్కజీ పద్ధతి దగ్గర అయినా ఇంతకాలం విడి ప్యాకేజీ ఉంది. కొత్త డిస్కు పద్ధతి ఎన్‌వీఎంఈకి వస్తే, రెడ్ హ్యాట్ 9లో డిఫాల్టుగా కెర్నెల్‌లోని సొంత మల్టీపాతే పనిచేస్తుంది. అక్కడ దారుల వ్యవహారం మొత్తం కెర్నెల్‌తోపాటే మారుతుంది. మినహాయించడానికి స్టోరేజ్ విభాగానికి ప్యాకేజీ ఏదీ మిగలదు, కెర్నెల్‌నే లాక్ చేయమంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ఫ్యాబ్రిక్‌బి గారికి జరిగినది అన్యాయమే, ఆ మాట అనడానికి నాకు సంకోచం లేదు. కానీ దానికి విరుగుడు పాత వెర్షన్ కాదు.

బూట్‌గమనిక:
రాత్రిపాళి గారూ, మార్పు పత్రంలో రెండు వరుసలు చేర్చండి. ప్యాచింగ్ ముగిశాక డెమన్ నడుస్తోందని, ప్రతి లన్‌కూ నాలుగు దారులు యాక్టివ్ రెడీ రన్నింగ్ అని కనిపించే ఫలితాన్ని లైనక్స్ బృందం జతచేయాలి. ఫర్మ్‌వేర్ పనిలో రెండో కంట్రోలర్‌ను ముట్టుకునే ముందు అదే ఫలితాన్ని సర్వర్ వైపు నుంచి తెప్పించుకోవడం స్టోరేజ్ బృందం బాధ్యత.

ఫ్యాబ్రిక్‌బి:
మూడో వరుస కూడా ఉండాలి. రీబూట్ వాయిదా పడితే ఆ రాత్రికి అరే పని దానంతట అదే రద్దు కావాలి. మల్టీపాత్ ప్యాకేజీ ఉన్న ప్రతి ప్యాచింగ్ జాబితాపై మూడు రోజుల ముందు మా విభాగం సంతకం ఉండాలి. ఆ సంతకం గడి ఉంటే లాక్ తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు.

కెర్నెల్‌వాసి:
సమాచారం మూడు రోజుల ముందే పంపుతాము. సంతకం గడి మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఆ గడి ఖాళీగా ఉన్న నెలలో ప్యాచింగ్ ఆగిపోతుంది, అప్పుడు లాక్ పేరు మారిందే తప్ప లాక్ పోలేదు.

ఫ్యాబ్రిక్‌బి:
అయితే మా సర్వర్లలో లాక్ అలాగే ఉంటుంది.

రాత్రిపాళి:
నేను మూడు వరుసలూ రాసి, సంతకం గడి స్థానంలో "సమాచారం అందినట్లు ధ్రువీకరణ" అని పెట్టి పంపాను. స్టోరేజ్ విభాగం దాన్ని వెనక్కి పంపింది, భద్రతా విభాగం ఇంకా తెరవలేదు. ప్యాచింగ్ ఈ శనివారం రాత్రే ఉంది.