స్పెయిన్ పిస్టళ్లు చవక నకళ్లేనా?

పాతఇనుము:
స్పెయిన్ పిస్టల్ అంటే చవక నకలు అనే పేరు ఊరికే రాలేదని నా వాదన. రూబీ అనే పిస్టల్ సంగతే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పిస్టళ్లు చాలక ఫ్రాన్స్ సైన్యం 1915లో ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు గబిలోండో కంపెనీకి నెలకు 10,000 చొప్పున ఆర్డర్ ఇచ్చింది. బ్రౌనింగ్ 1903 మోడల్‌ని చూసి చేసిన 7.65 ఎం.ఎం. పిస్టల్ అది, మ్యాగజైన్‌లో 9 తూటాలు పడతాయి. ఆర్డర్ నెలకు 30,000కి చేరేసరికి అక్కడి తుపాకుల ఊరు ఎయిబార్ చుట్టుపక్కల చిన్నాచితకా వర్క్‌షాపులన్నీ ఆ పనిలోకి దిగాయి. దాంతో ఒకరు చేసిన పిస్టల్‌లో ఇంకొకరి మ్యాగజైన్ సరిగ్గా పట్టేది కాదు. ఏది ఎవరిదో తెలియడానికి రెంటి మీదా తయారీదారు అక్షరాలు కొట్టించాల్సి వచ్చింది. తోలు ఒరకి రాసుకుని సేఫ్టీ మీట (పొరపాటున పేలకుండా ఆపేది) జారిపోతోందని స్లయిడ్ (పేలినప్పుడు వెనక్కి జరిగే పై భాగం) పక్కన ఒక బొడిపె కూడా బిగించారు. తూటా ఎక్కించిన పిస్టల్ నడుముకి కట్టుకున్న సిపాయికి ఎంత టెన్షనో ఆలోచించండి.

గోదారిగట్టు:
రూబీ గురించి మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ దాన్ని పట్టుకుని ఒక దేశపు పనివాళ్లందరినీ తీసిపారేయడం అన్యాయం. యుద్ధం నడుస్తోంది, కొనేవాళ్లకి కావలసింది సంఖ్య. పైగా ఎయిబార్‌లో పరీక్షా కేంద్రం ఎప్పటి నుంచో ఉన్నా, ప్రతి తుపాకీనీ అక్కడ పరీక్షించి తీరాలన్న నిబంధన 1923లో గానీ రాలేదు. అదుపు లేని చోట మంచి పనివాడి సరుకూ, చెడ్డవాడి సరుకూ ఒకే పేరు మీద అమ్ముడుపోయాయి.

ఇక స్పెయిన్ సైన్యం తన కోసం ఏం ఎంచుకుందో చూడండి. 1921లో తీసుకున్నది ఆస్ట్రా 400. గెర్నికాలోని ఉన్సెటా కంపెనీ చేసింది. కాంపో-హీరో ప్రభువు గీసిన పాత పిస్టల్‌ని మెరుగుపరిచి తయారుచేశారు. స్లయిడ్ గుండ్రంగా, గొట్టంలా ఉంటుంది కాబట్టి స్పెయిన్‌లో దాన్ని ముద్దుగా ‘పూరో’ అనేవారు, అంటే చుట్ట. 9 ఎం.ఎం. లార్గో లాంటి బలమైన తూటా పేలుస్తుంది, అయినా లోపల తూటా బయటపడేదాకా బ్యారెల్‌నీ స్లయిడ్‌నీ కలిపి పట్టి ఉంచే తాళం లాంటి ఏర్పాటేమీ లేదు. బరువైన స్లయిడ్, గట్టి స్ప్రింగు, అంతే. అంత సాదా పద్ధతితో అంత బలమైన తూటాని అదుపులో పెట్టాలంటే ఉక్కు బాగుండాలి, కొలతలు కుదరాలి. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో సైన్యంతో పోరాడిన రిపబ్లిక్ వాళ్లు తమ వైపు కర్మాగారాల్లో చేయించుకున్నది కూడా ఈ ఆస్ట్రా నకళ్లనే.

పాతఇనుము:
ఆ స్ప్రింగు సంగతీ చెప్పండి మరి. స్లయిడ్ వెనక్కి లాగడానికి ఎంత బలం కావాలో! చలికి కొంకర్లు పోయిన చేత్తో యుద్ధరంగంలో అది సాధ్యమా? తాళం పెట్టకపోవడం పొదుపు కోసమేనని నా అభిప్రాయం.

సాంచా:
పొదుపు తప్పెలా అవుతుందండీ? అదే పద్ధతిలో 9 ఎం.ఎం. పారాబెల్లం తూటాకి చేసిన ఆస్ట్రా 600ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లే 10,000కి పైగా కొన్నారు. యుద్ధం అయ్యాక పశ్చిమ జర్మనీ పోలీసులూ వాడారు. నాణ్యత లేని సరుకుని వాళ్లు రెండోసారి ముట్టుకుంటారా?

‘నకలు’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. చైనాలో జర్మన్ పిస్టల్ మౌజర్ సి96కి గిరాకీ ఉందని ఎయిబార్ వాళ్లు దాన్ని అనుకరించిన మాట నిజమే. అయితే ట్రిగ్గర్ నొక్కి పడితే వరుసగా పేలే రకాన్ని 1920ల చివర్లో ముందుగా మార్కెట్లోకి తెచ్చింది వీళ్లే. మౌజర్ కంపెనీ తన ష్నెల్‌ఫాయర్‌ని ఆ తర్వాతే దించింది. అలాంటి పిస్టళ్లు చేసిన వాటిలో బెయిస్తెగీ సోదరుల కంపెనీ ఒకటి. సైకిళ్ల మీద బి.హెచ్. అని కనిపిస్తుందే, ఆ కంపెనీయే. ఓర్బియా సైకిళ్లదీ తుపాకుల పుట్టుకే. పనితనం లేని ఊరి నుంచి ఇన్ని కంపెనీలు రావు.

గోదారిగట్టు:
సాంచా గారి మాటకి ఇంకొకటి కలుపుతాను. అంతర్యుద్ధం తర్వాత, అందులో గెలిచిన నియంత ఫ్రాంకో ప్రభుత్వం పిస్టళ్లు చేయడానికి ఆస్ట్రా, స్టార్, ల్యామా అనే మూడు బ్రాండ్ల కంపెనీలనే అనుమతించింది. స్టార్ మోడల్ బి అమెరికన్ పిస్టల్ కోల్ట్ 1911లా కనిపిస్తుంది గానీ, దానికి పిడి వెనక సేఫ్టీ (పిడిని గట్టిగా పట్టుకుంటేనే పేలనిచ్చే మీట) ఉండదు. చూసి చేసినా ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలిసి చేశారు.

పాతఇనుము:
ఆస్ట్రా, స్టార్ రెండూ 1997లో మూతపడ్డాయి. మార్కెట్ తీర్పు అదే కదా?

సాంచా:
అది డబ్బు లెక్క తీర్పు. పిస్టల్ మంచిచెడ్డలు తేలేది దాన్ని విప్పి చూసినప్పుడు. రూబీని, ఆస్ట్రా 400ని పక్కపక్కన విప్పి చూసినవాళ్లెవరైనా ఉంటే ఇక్కడ రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.