ఈ వారం సమస్య: కదలలేని రాజు గట్టునెక్కె!

నిర్వాహకుడు (విజయనగరం):
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. క-గ యతి సరిపోయింది, మూడు పాదాలు మీవి. సమస్య ఎక్కడ పుట్టిందో కూడా చెప్పేస్తాను. పోయిన నెల శ్రీకాకుళంలో చదరంగం ఆడుతూ, రెండు శకట్లు (బిషప్పులు) చేతిలో ఉండి, ఎదుట ఒంటి రాజుని పెట్టుకుని డ్రా చేసుకొచ్చాను. సరిగ్గా ఆడితే పంతొమ్మిది ఎత్తుల్లోపే కట్టేయాల్సిన ఆట అది! బస్సులో తిరిగొస్తుంటే ఈ పాదం తట్టింది. శకటుని ఒంటె అనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సూర్యగణమే, మీ ఇష్టం.

గంటస్తంభం:
రెండు శకటు లుండి రేగుచుఁ దరుమగా
మూలఁ జేరె రాజు ముచ్చెమటల;
నల్ల గడుల శకటు నవ్వుచుఁ జెక్కివ్వ
కదలలేని రాజు గట్టునెక్కె!

చింతపిక్క:
ఏటి మాస్టారూ! చెక్ ఇచ్చీసినాక రాజుకి దారి లేదంటే అది కట్టే కదా, గట్టెలా ఎక్కుతాడు? గణాలు కుదిరినాయి గానీ ఆట తప్పీసింది.

గంటస్తంభం:
నిజమే బావూ, ఒప్పుకున్నాను. మూడో పాదం మారుస్తున్నాను: “నల్ల గడుల శకటు నవ్వి చెక్కు మరువ”.

నిర్వాహకుడు:
ఇప్పుడు పద్యం నిలబడింది. కానీ నా ఆటలో తప్పు నల్లగడుల శకటుది కాదు, తెల్లగడులదాని తొందరది. బోర్డు తీసి పెట్టి చూడండి (అక్షరం నిలువు వరసది, అంకె అడ్డు వరసది). నల్ల రాజు హెచ్8, నా తెల్ల రాజు జి6, శకట్లు డి3లో ఒకటి, ఏ3లో ఒకటి. ఎత్తు నాది. నేను ఆత్రంగా డి3 శకటుని సి4కి తోశాను. జి8 మూసుకుపోయింది. జి7, హెచ్7 నా రాజే కాస్తున్నాడు. హెచ్8 మీద మాత్రం చెక్ లేదు. చెక్ లేకుండా, కదిలే ఎత్తూ లేకపోతే డ్రాయే కదా, ఎదుటి కుర్రాడు చెయ్యి చాపి “స్టేల్‌మేట్ అంకుల్” అన్నాడు. ఏ3 శకటుని ఊరికే బి4కి ఒక్క గడి జరిపి ఉంటే? రాజు జి8కి రాక తప్పదు. అప్పుడు సి4లో చెక్. ఎఫ్8ని బి4 శకటు కాస్తోంది కాబట్టి మళ్లీ హెచ్8కే పోవాలి. అప్పుడు సి3లో చెక్, ఆట కట్టు.

చింతపిక్క:
17, 18 శతాబ్దాల ఇంగ్లండులో అయితే మీరు ఓడిపోయినట్టే లెక్క. అక్కడ స్టేల్‌మేట్ చేసినవాడికే ఓటమి రాసేవారట. అర పాయింటైనా దక్కింది, సంతోషించండి. నా పూరణ ఇది, ఒక్క శకటుతో:

అంచు బంటు తోడ నరుదెంచె శకటొండు
మూల గడిది వేరు మొగము, రంగు;
కూరుచుండె నచట కొంపలో తాతలా
కదలలేని రాజు గట్టునెక్కె!

గంటస్తంభం:
“అరుదెంచె” పక్కన “తాతలా” ఏమిటండీ? పట్టుపంచె మీద బనీను వేసినట్టుంది.

నిర్వాహకుడు:
ఉండనివ్వండి, నాకు ఆ తాతే నచ్చాడు. విషయం కూడా పక్కా. అంచు బంటు మంత్రి కావాల్సిన మూలగడి శకటు తిరిగే గడుల రంగుది కాకపోతే, ముందే అక్కడ చేరి కూర్చున్న రాజుని ఎవరూ లేపలేరు. బంటుని ఏడో వరసకి తోసి, రాజుని దాని వెనక నిలిపితే అదీ స్టేల్‌మేటే.

పనసతొన (బొబ్బిలి):
నాకు ఆట రాదండి. మా దగ్గర వీణలు చేసేది పనస కర్రతోనే కదా, రాజుని కూడా దాంతోనే చెక్కాను:

పనస కొయ్య రాజు పడవపై నుండగా
జారి నీటఁ దేలి సాగె నదిని;
నాగవళియె మోసి నవ్వుతూ దింపగా
కదలలేని రాజు గట్టునెక్కె!

నిర్వాహకుడు:
ఊహ బాగుందమ్మా, అందరికంటే వేరుగా ఉంది. కానీ గణం కోసం నాగావళిని “నాగవళి” చేసేశావు, నది ఇరుకైపోయింది. ఆ నదికే లాంగుల్య అని ఇంకో పేరుంది కదా: “లాల పోసి మెల్ల లాంగుల్య దింపగా”. యతీ కుదిరింది, పిల్లాడికి స్నానమూ అయింది.

పనసతొన:
తీసుకున్నాను మాస్టారూ! “నవ్వుతూ” పోయినందుకే కొంచెం బాధ.

నిర్వాహకుడు:
ఊరికే బి4కి జరిపే ఆ ఒక్క ఎత్తు మీద ఇంకా ఎవరూ రాయలేదు. శనివారం రాత్రి దాకా గడువు.