నాలుగు గంటలుగా పాస్‌పోర్ట్ ఫామ్ అడ్రస్ దగ్గరే ఆగిపోయింది, ఎవరైనా చెప్పండి

తుంగతుర్తి బిడ్డ:
అన్నలు, అక్కలు, తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పొద్దున్నుంచి, అంటే నాలుగు గంటల పైనే, పాస్‌పోర్ట్ రెన్యూవల్ ఫామ్‌తో కొట్టుకుంటున్నా. పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు అన్నీ అయినయి. అడ్రస్ దగ్గర జిల్లా నల్గొండ అని పెడితే మా పోలీస్ స్టేషన్ లిస్టులోనే లేదు. పక్కదేదో పెట్టి ముందుకు పోదామంటే ఎర్ర అక్షరాలు. రెండుసార్లు దానంతటదే లాగౌట్ అయింది, మళ్లీ మొదటి నుంచి. ఇవాళ సోమవారం కాబట్టి సాయంత్రం 6 దాకా టైముంది, దాటితే మళ్లీ వచ్చే సోమవారమే. బట్టలు కూడా ఉతకలేదు. ఫిబ్రవరిలో పాస్‌పోర్ట్ అయిపోతుంది, కొత్తది లేకపోతే నా పని ముందుకు కదలదు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

మీసేవ మల్లన్న:
తుంగతుర్తి సూర్యాపేట జిల్లా. అది పెట్టు, స్టేషన్ వస్తది.

తుంగతుర్తి బిడ్డ:
వచ్చింది అన్నా!! నాలుగు గంటలు దీనికా. కానీ పాత పాస్‌పోర్ట్‌లో నల్గొండ అని ఉంది కదా, తేడా వస్తే రిజెక్ట్ చేస్తారా?

పాలమూరు పెద్దన్న:
ఇది నీ ఒక్కడి కథ కాదు తమ్మీ, రాష్ట్రం మొత్తం కథ. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయినయి. మీ నల్గొండ మూడు ముక్కలు: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మా పాలమూరు నాలుగు ముక్కలు: మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల. అక్కడితో ఆగిందా అంటే లేదు, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు కలిపి 33 చేసిండ్రు. మా ఇల్లు అంగుళం జరగలేదు గానీ నేను మాత్రం రెండు జిల్లాలు మారిన. ఆధార్‌లో ఒకటి, పట్టాదారు పాస్‌బుక్కులో ఒకటి, నా పదో తరగతి మెమోలో ఇంకొకటి. పాత పాస్‌పోర్ట్ మీద పాత జిల్లా ఉన్నంత మాత్రాన అది చెల్లకుండా పోదు. ఇప్పుడు నువ్వున్న అడ్రస్‌కు రుజువు కొత్త జిల్లాతో ఉంటే చాలు. ఆధార్‌లో ఏముంది ముందు చూసుకో. నేను దీని మీద కలెక్టరేట్‌కు ఎన్ని అర్జీలు పెట్టుకున్ననో చెప్తే రాత్రి అయితది.

అమీన్‌పూర్ అర్చకుల అల్లుడు:
జిల్లా సంగతి వదిలేయండి, అసలు ఇంటిపేరు కాలమ్‌లో ఏం పెట్టావు? మనవాళ్లు చేసే పెద్ద తప్పు అది. మా బావమరిది అమెరికాలో గుళ్లో అర్చకుడిగా వెళ్లాడు, ఆర్-1 వీసా మీద. మతసేవకుల వీసా అది, మొదట 30 నెలల దాకా ఇస్తారు, మొత్తం ఐదేళ్లు. ఆయన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా ఒకే గడిలో. అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర, ప్రతిచోటా 'మీ లాస్ట్ నేమ్ ఏది' అని అడగడం, ఈయన మొదటి నుంచి చెప్పుకురావడం. కాబట్టి రెన్యూవల్ చేసేటప్పుడే ఇంటిపేరు విడదీసి రాయించుకో.

మీసేవ మల్లన్న:
వద్దు. పేరు ముట్టుకోకు.

అమీన్‌పూర్ అర్చకుల అల్లుడు:
ఎందుకు వద్దు? కారణం చెప్పకుండా వద్దంటే ఎట్లా మల్లన్నా?

మీసేవ మల్లన్న:
పాత పాస్‌పోర్ట్ మీద ఏదన్నా వీసా ఉంటే పేరు తేడా వస్తది.

తుంగతుర్తి బిడ్డ:
వీసా ఉంది అన్నా. నాది కూడా ఇంటిపేరు ఖాళీయే. ఇంటర్ మొదటి సంవత్సరంలో తీసుకున్నా, 2016 మొదట్లో, అప్పుడు ఏం తెలుసు. ఫొటోలో మీసం కూడా లేదు, ఇక్కడ ఆఫీసులో ఆమె ఫొటో చూసి నన్ను చూసి మళ్లీ ఫొటో చూసింది. సరే పేరు ముట్టుకోను. ఫీజు 1500 కట్టేసిన. ఇప్పుడు అపాయింట్‌మెంట్ హైదరాబాద్, నల్గొండ అని చూపిస్తుంది. నేనెట్లా వస్తా?

మీసేవ మల్లన్న:
నల్గొండ పోస్టాఫీసులో ఉన్న కేంద్రం పెట్టుకో. తుంగతుర్తి నుంచి బస్సు.

తుంగతుర్తి బిడ్డ:
అన్నా నేను దావోలో ఉన్నా కదా.

పాలమూరు పెద్దన్న:
దావత్‌లో ఉన్నవా? దావత్ అయినంక పో, తొందరేముంది.

తుంగతుర్తి బిడ్డ:
దావత్ కాదు పెద్దన్నా, దావో. ఫిలిప్పీన్స్. 14 నెలలైంది వచ్చి. మిషనరీగా ఉన్నా, సోమవారం తప్ప మిగతా రోజులు వీటికి టైముండదు, చెప్పలేదా నేను?

మీసేవ మల్లన్న:
చెప్పలే.

మీసేవ మల్లన్న:
1500 గోవిందా. అది ఇండియాలో ఉన్నోళ్ల సైటు.

దేవరకొండ సారు:
బాబూ, మిషనరీ అన్నావు కనుక అడుగుతున్నాను, ఏ సంఘం? మా తాతగారి కాలం నుంచి మిషన్ కాంపౌండ్‌లోనే పెరిగినవాణ్ణి. 1889లో అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ భార్యతో సహా రష్యా నుంచి బయల్దేరి మన దేశం వచ్చి మరుసటి ఏడు నల్గొండలో దిగాడు. అప్పుడు తెల్లవాళ్లు మన నల్గొండకు, ఇప్పుడు మన నల్గొండ పిల్లగాడు ఫిలిప్పీన్స్‌కు. చాలా సంతోషం. ఆ మెన్నొనైట్ (క్రైస్తవుల్లో ఒక శాఖ) మిషనే తర్వాత దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి దాకా పాకింది. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి తెలియనివాళ్లు మా వైపు ఉండరు.

పానగల్ పాత చర్చి:
సారు, చిన్న సవరణ. నల్గొండది బాప్టిస్ట్ మిషన్. మెన్నొనైట్ అనకండి.

దేవరకొండ సారు:
ఫ్రీసెన్ మెన్నొనైటే కదండీ.

పానగల్ పాత చర్చి:
ఆయన మెన్నొనైట్. మిషన్ అమెరికన్ బాప్టిస్టులది, ఆయన వాళ్లతో కలిసి పనిచేసిండు. అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు విడిగా రావడం 1899లో, హైదరాబాద్ మలక్‌పేట వైపు. రెండూ కలిపితే ఎట్లా? దేవరకొండది వాళ్లది, నల్గొండది మాది.

తుంగతుర్తి బిడ్డ:
సార్లు, మాది రెండూ కాదు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. హైదరాబాద్‌లో బీటెక్ చదివేటప్పుడు చేరిన. నా దగ్గర ఇంకో గంటన్నర ఉంది, ఎవరైనా ఇక్కడి నుంచి చేసేది చెప్పండి.

గడియారం సెంటర్ రాజు:
అంటే మోర్మన్లా? తెల్లచొక్కా, టై, నల్లబ్యాడ్జీ, ఇద్దరిద్దరు నడుస్తుంటారు, వాళ్లేనా?

తుంగతుర్తి బిడ్డ:
వాళ్లే అన్నా. కానీ ఆ పేరు వాడొద్దని మావాళ్లు 2018 నుంచి గట్టిగా చెప్తున్నారు, పూర్తి పేరే చెప్పాలి. బ్యాడ్జీ మీద ఎల్డర్ అని, పక్కన ఇంటిపేరు. మా ఇంట్లో, ఊళ్లో ఒక్కరు కూడా నన్ను ఇంటిపేరుతో పిలవలేదు. ఇక్కడ వీధిలో చిన్నపిల్లలు కూడా ఆ ఇంటిపేరే అరుస్తూ వెనకాల ఉరుకుతారు, మొదటి నెలంతా ఎవరినో పిలుస్తున్నారనుకుని తిరిగి చూడలేదు.

దేవరకొండ సారు:
ఎల్డరా? మా సంఘంలో ఎల్డర్ అంటే సంఘపెద్ద. అరవై దాటిన మనిషి, కమిటీలో కూర్చుని లెక్కలు అడిగేవాడు. నీకెన్నేళ్లు బాబూ?

తుంగతుర్తి బిడ్డ:
25 సార్. మా దగ్గర మిషన్‌కు వచ్చిన మగపిల్లలందరూ ఎల్డర్లే, 18 ఏళ్లవాళ్లు కూడా. అమ్మాయిలను సిస్టర్ అంటారు. మాకు రెండేళ్లు, వాళ్లకు ఏడాదిన్నర. నేను ఉద్యోగం చేసి లేటుగా వచ్చిన కాబట్టి ఇక్కడ నేనే నిజంగా ఎల్డర్.

దేవరకొండ సారు:
ఏమైనా అది పదం దుర్వినియోగమే. సువార్తికుడు అనొచ్చు కదా, ఎంత చక్కటి మాట.

గడియారం సెంటర్ రాజు:
ఇక్కడి చర్చిలు సాలక అక్కడికి పోయి మతం మార్చుడా? ఫిలిప్పీన్స్‌లో ఉన్నోళ్లంతా క్రిస్టియన్లే కదా, అక్కడ ఎవరికి చెప్తవు తమ్మీ? తప్పుగా అనుకోకు, నిజంగా అడుగుతున్న.

అడ్మిన్:
రాజు గారూ, పాస్‌పోర్ట్ గురించి మాట్లాడండి. మతం గురించి అయితే ఇక్కడ వద్దు, కిందటి నెల ఏమైందో గుర్తుంది కదా.

దావో మెడికో:
అయ్యో నేను ఇప్పుడు చూశాను. తమ్ముడూ నేను కూడా దావోలోనే, ఎంబీబీఎస్ నాలుగో ఏడు, మాది మిర్యాలగూడ. ఇక్కడ తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా, ఎవరినైనా అడిగితే పది నిమిషాల్లో అయ్యేది. నువ్వు నింపిన సైటు ఇండియాలో ఉండేవాళ్లది. విదేశాల్లో ఉన్నవాళ్లకు వేరే ఉంది, 'ఎంబసీలు, కాన్సులేట్లలో పాస్‌పోర్ట్ సేవ' అని. అందులో దేశం ఫిలిప్పీన్స్, ఎంబసీ మనీలా ఎంచుకుని కొత్తగా రిజిస్టర్ అవ్వు. ఇప్పుడు వాడిన లాగిన్ మీద ఆశ పెట్టుకోకు. ఇప్పుడు ఉంటున్న అడ్రస్ ఇక్కడిది, శాశ్వత అడ్రస్ ఊరిది రెండూ అడుగుతుంది, ఊరిది రాసేటప్పుడు మల్లన్న చెప్పినట్టు సూర్యాపేట. ఫామ్ ప్రింట్ తీసి సంతకం. ఫొటోలు, పాత పాస్‌పోర్ట్, వీసా పేజీ, ఇక్కడ విదేశీయులకు ఇచ్చే ఏలియన్ కార్డు అన్నిటికీ కాపీలు తీసి పెట్టుకో. కాగితాలు ఎక్కడ, ఏ రోజు ఇవ్వాలో మనీలా ఎంబసీ పేజీలో చూసి పో, ఊరికే ఫ్లైట్ ఎక్కకు. ఎంబసీవాళ్లు మా స్టూడెంట్స్ కోసం దావోలో క్యాంపు పెట్టిన సందర్భాలున్నాయి, ఆ ప్రకటన వస్తుందేమో కూడా చూస్తుండు. మా రూమ్మేట్‌ది అట్లాగే అయ్యింది.

తుంగతుర్తి బిడ్డ:
అక్కా దేవుడే పంపినట్టు వచ్చావు. వృత్తి దగ్గర ఏం పెట్టాలి? మిషనరీ అని లేదు.

దావో మెడికో:
ఇతరములు పెట్టు. మన పాస్‌పోర్ట్ పుస్తకం మీద వృత్తి అచ్చు కాదు, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. నీది 9జీ వీసానా, ఇక్కడ మిషనరీలకు ఇచ్చేది?

తుంగతుర్తి బిడ్డ:
అవును అక్కా. పొడిగించాలంటే పాస్‌పోర్ట్‌లో టైముండాలన్నారు. వీసా కాగితాలు మా మిషన్ ఆఫీసువాళ్లే చూసుకుంటారు, పాస్‌పోర్ట్ మాత్రం ఎవరిది వాళ్లదే.

దావో మెడికో:
అయితే ఈ వారమే మొదలుపెట్టు. పోలీసు విచారణ ఊళ్లో జరిగితే దానికి కొన్ని రోజులు పోతాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచు, కానిస్టేబుల్ వచ్చి నీ పేరు అడిగితే 'మావాడు ఇక్కడ లేడు' అని పంపించేస్తే కష్టం. దేశంలో లేడు, ఫిలిప్పీన్స్‌లో ఉన్నాడు, ఈ ఇల్లే వాడిది అని చెప్పమను. ఇంకొకటి, కొత్తది వచ్చాక పాతదాన్ని పారేయకు, వీసా దాని మీదే ఉంటుంది. కొత్త నంబరు ఇమిగ్రేషన్‌లో కూడా చెప్పుకోవాలి. జనవరి ఒకటి నుంచి 60 రోజుల్లో ఏటా హాజరు వేయించుకోవాలి కదా, అప్పుడు రెండు పాస్‌పోర్ట్‌లూ పట్టుకుపో.

అమీన్‌పూర్ అర్చకుల అల్లుడు:
ఇంటిపేరు మాత్రం ఆలోచించు తమ్ముడూ. బ్యాడ్జీ మీద ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో లేదు, రేపు ఎక్కడో అడుగుతారు.

మీసేవ మల్లన్న:
మిషన్ అయినంక. ఇప్పుడు కాదు.

తుంగతుర్తి బిడ్డ:
మనీలా పోవాలంటే నేనొక్కడినే పోలేను, మాకు ఎప్పుడూ జోడీ ఉండాలి, వాడు టోంగా దేశం పిల్లగాడు, వాడికి కూడా టికెట్. పర్మిషన్ అడుగుతా. అమ్మకు చెప్తా పోలీసు సంగతి. వారానికోసారి మాట్లాడొచ్చు మేము, 2019కి ముందైతే ఏడాదికి రెండుసార్లే అంట ఫోను, మిగతా అంతా ఉత్తరాలు, మెయిళ్లు. ఆ రోజుల్లో అయితే మా అమ్మ బతికేది కాదు. ఆరు అవుతుంది, ఉంటా.

పాలమూరు పెద్దన్న:
ఇప్పుడు మాకు మూడున్నరనే అయింది, నీకు ఆరెట్లా?

దావో మెడికో:
ఇక్కడ రెండున్నర గంటలు ముందు అంకుల్.

గడియారం సెంటర్ రాజు:
అక్కడ అన్నం దొరుకుతదా తమ్మీ?

దావో మెడికో:
మూడు పూటలా అన్నమే. సినిగాంగ్ అని చింతపండు పులుసు లాంటిది ఉంటుంది, పచ్చిమిరపకాయ చిదిమి వేసుకుంటే మన చారు. పప్పుకే ముఖం వాచిపోతాం.

పానగల్ పాత చర్చి:
దేవరకొండ సారు, మళ్లీ చెప్తున్నా, పాలమూరు కూడా మొదట బాప్టిస్టులదే. తర్వాత మెన్నొనైట్లకు అప్పజెప్పిండ్రు. మీరు రాసినదాంట్లో అదీ లేదు.

దేవరకొండ సారు:
నేను పాలమూరు పేరే ఎత్తలేదండీ. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి అన్నాను. చదివి మాట్లాడండి.

పానగల్ పాత చర్చి:
నాగర్‌కర్నూల్, వనపర్తి పాలమూరు కాకపోతే ఏ జిల్లా?

పాలమూరు పెద్దన్న:
ఇప్పుడు రెండూ వేరే జిల్లాలే. పైన చెప్పిన కదా.

తుంగతుర్తి బిడ్డ:
(వారం తర్వాత) మనీలా సైటులో ఫామ్ పోయింది. వచ్చే నెల తేదీ దొరికింది, టోంగావాడికి కూడా పర్మిషన్ ఇచ్చారు. థాంక్స్ అక్కా, మల్లన్నా. బట్టలు ఉతుక్కోవాలి, ఉంటా.

కోస్గి కుర్రోడు:
అన్నా నాది కూడా సేమ్, పోలీస్ స్టేషన్ లిస్టులో వస్తలేదు. ఏం పెట్టాలి?

మీసేవ మల్లన్న:
ఏ దేశంలో ఉన్నవ్ ముందు అది చెప్పు.